నాయనమ్మ నవ్విన మధ్యాహ్నం

ఈ సంగతి గురించి నన్ను ఇంతవరకూ ఎవరూ ఏమీ అడగలేదు. మా వాళ్ళు ఎవరి పెళ్ళిలో పులుసు ఉప్పెక్కిందన్నా, ఎవరి గేదె ఎవరి చేలో పడిందన్నా సాక్షుల్ని పిలిచి కూర్చోబెట్టి మరీ తేల్చుకునే రకం. మా నాయనమ్మ కన్ను ఎందుకు పోయిందన్న విషయం మాత్రం నన్ను పక్కన నిలబెట్టుకుని, నన్ను ఒక్క ముక్క అడక్కుండా, నా మీదే తేల్చేశారు. అప్పుడు నేను మూడో తరగతి చదువుతున్నాను. ఇప్పుడు నాకే కంట్లో శుక్లం వచ్చి, విజయవాడలో ఆపరేషను చేయించుకుని, నల్లద్దాలు పెట్టుకుని ఇంట్లో కూర్చున్నాను. ఇన్నేళ్ళూ అడగలేదు కనక ఇక అడక్కుండానే చెబుతున్నాను.

ఎదురుగా బల్ల మీద చుక్కలమందు సీసా ఉంది. బొటనవేలంత కూడా ఉండదు. మూత తీస్తే వాసనంటూ ఏమీ రాదు కానీ, కంట్లో చుక్క వేసుకున్న కాసేపటికి అది లోపల్లోపల గొంతులోకి దిగి నాలిక వెనక చేదుగా తగులుతుంది. మొదటిసారి ఆ చేదు తగిలినప్పుడు నాకు మందు గుర్తు రాలేదు. స్పిరిటు వాసన, ఎండుగడ్డి వాసన, వాటి మీదుగా కిటికీలోంచి వచ్చే మామిడిపూత వాసన, మూడూ కలిసి ముక్కుకి తగిలినట్టయింది. మా బడిగది అది. అందులో నాయనమ్మ రెండు కళ్ళకీ కట్టు కట్టించుకుని వెల్లకిలా పడుకుని ఉంది. నా ముఖం వేడెక్కింది. ఇంట్లో ఎవరూ లేకపోయినా తల దించుకున్నాను. సిగ్గు అనేది మనుషులు చూస్తున్నారా లేదా అని చూసి వచ్చేది కాదని నాకు చిన్నప్పుడే తెలుసు.

మా ఇల్లు తిరువూరులో విజయవాడ బస్సులు పోయే రోడ్డుకి కాస్త లోపలగా ఉండేది. మాఘమాసం వచ్చేసరికి ఊరి చుట్టూ తోటలన్నీ పూతకొచ్చి, తెల్లవారుజామున ఆ వాసన మంచుతో కలిసి తలుపుసందుల్లోంచి దుప్పట్లలోకి కూడా దూరేది. చెట్ల కింద నడిస్తే ఆకుల మీంచి కారిన తేనెబంక పాదాలకి అంటుకుని, ఇంటికొచ్చేసరికి అరికాళ్ళకి నల్లగా దుమ్ము అట్టకట్టేది. అప్పటికి వరి కోతలు, నూర్పిళ్ళు అయిపోయి, వసారా నిండా పత్తి పోసి ఉండేది; మేం పిల్లలం ఆ కుప్పల్లోకి ఎగిరి దూకి, జుట్టు నిండా పింజలు అంటించుకుని, ముసలివాళ్ళలా వంగి నడుస్తూ దగ్గుతూ ఒకళ్ళని ఒకళ్ళు ఏడిపించుకునేవాళ్ళం. ఆ ఆటలో అందరికన్నా నాకే పేరు. మా వీధిలో ఎవరు ఎలా నడుస్తారో, ఎలా తుమ్ముతారో, బస్సు కండక్టరు టికెట్టు చింపుతూ ఎలా ముక్కుతో మాట్లాడతాడో అన్నీ చేసి చూపించేవాణ్ణి. చూసేది మా నాయనమ్మ. ఆమె నవ్వు మొదలుపెడితే ముందు చప్పుడుండేది కాదు, భుజాలు కదిలేవి, తర్వాత పొట్ట కదిలేది, చివరికి కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ, "ఒరే ప్రసాదూ, ఆపరా, చచ్చిపోతాను" అనేది. ఆ మాట వినడానికే నేను పొద్దున్నే లేచేవాణ్ణి.

ఆ కళ్ళకి పొరలు కమ్మడం మేమెవరమూ వెంటనే పసిగట్టలేదు. దీపం చుట్టూ గుడి కట్టినట్టు కనిపిస్తోందని ఆమె అన్నప్పుడు మంచని ఊరుకున్నాం. మిట్టమధ్యాహ్నం, "మబ్బు పట్టిందేంట్రా?" అని అడిగినప్పుడు వేళాకోళమాడుతోందనుకున్నాం. బియ్యంలో రాళ్ళు చూపుతో కాకుండా వేళ్ళతో ఏరడం మొదలుపెట్టాక, చేటలో పడుకున్న పిల్లిని పత్తి పింజె అనుకుని చెయ్యి వేసి బరికించుకున్నాక, అప్పుడు తెలిసింది. ఇక వైద్యాలు మొదలయ్యాయి. మంచులో తడిసిన నందివర్ధనం పూలు కోసుకొచ్చి రెప్పల మీద పెట్టేవాళ్ళు, చలవ చేస్తుందని. బాలింతరాలి పాలు తెచ్చి చుక్కలు వేశారు. ఎవరో ఏదో ఆకు పసరు తెస్తే, అది వేసిన రోజు నాయనమ్మ స్తంభం పట్టుకుని ఊగిపోయింది. చివరికి ఊళ్ళో డాక్టరు గారు టార్చిలైటు వేసి చూసి, "ఇంకా పండలేదండీ. పచ్చిగా ఉండగా తియ్యకూడదు, ముదరనివ్వండి" అన్నారు. దాంతో ఒక చెట్టు కాయ కోసం ఆగినట్టు ఇంటిల్లిపాదీ ఆమె కన్ను పండటం కోసం ఎదురుచూశాం. నల్లగుడ్డు నడుమ బూడిదరంగు, తర్వాత లేత కొబ్బరిలాంటి తెలుపు దిగాయి. మా వాళ్ళు అది చూసి సంతోషించారు. ఆ కన్ను ముదురుతున్నకొద్దీ నేను నాయనమ్మ చెయ్యి పట్టుకుని నడిపించాల్సి వచ్చేది. అది నాకు బరువని ఎప్పుడూ అనిపించలేదు.

ఇవాళ ఆ ఎదురుచూపులు లేవు. అది కంటి పైన పెరిగే పొర కానే కాదని, కంటి లోపల ఉండే గాజుపూసలాంటి ముక్క వయసుతో మసకబారడమేనని, పేపరు చదువుకోవడం కష్టమైతే చాలు, దాన్ని తీసేసి అక్కడే ఇంకో చిన్న పూసని పెట్టేస్తామని డాక్టరమ్మ నాకు బొమ్మ చూపించి చెప్పింది. పొద్దున వెళ్ళి మధ్యాహ్నానికి ఇంటికొచ్చి అన్నం తిన్నాను.

నాయనమ్మకి అలా కాదు. ఆ ఏడు చలికాలం పోకముందే పట్నం నించి డాక్టర్లు వచ్చి మా బడిలో కంటి శిబిరం పెట్టారు. మాకు సెలవిచ్చి, బల్లలన్నీ బయట వేసి, గదుల్లో ఎండుగడ్డి పరిచి పైన చాపలు వేశారు. ఆపరేషనైన వాళ్ళని వరసగా వెల్లకిలా పడుకోబెట్టి, తల కదలకుండా అటూ ఇటూ ఇసుక మూటలు పెట్టి, చేసింది ఒక కంటికైనా రెండు కళ్ళకీ కట్టు కట్టేవాళ్ళు. ఒకటి కదిలితే రెండోది కదులుతుందట. చెట్ల కింద ఎవరి పొయ్యి వాళ్ళు పెట్టుకుని జావ కాచేవాళ్ళు. నమిలితే దవడ కదిలి కుట్లు లాగుతాయని మెత్తటి మజ్జిగన్నం, జావ తప్ప ఏమీ పెట్టనిచ్చేవాళ్ళు కాదు. కాంపౌండరు ఒకాయన గుమ్మంలో నిలబడి పొద్దునా సాయంత్రమూ దండకంలా చదివేవాడు: "కదలొద్దు, దగ్గొద్దు, తుమ్మొద్దు, ఏడవొద్దు, నవ్వొద్దు." చివరి మాటకి వరసలో ఎవరో ఒకరు, "నవ్వే రాత ఎక్కడుంది బాబూ మాకు" అనేవాళ్ళు.

నాయనమ్మకి తోడుగా మా మేనత్త సుగుణత్తయ్య ఉంది. ఆ మధ్యనే పెళ్ళయి కాపరానికి వెళ్ళి, తల్లి ఆపరేషనని అత్తగారిని బతిమాలుకుని వచ్చింది. అమ్మా నాన్నా పత్తి తీతల్లో ఉండటంతో నేను కూడా రోజంతా అక్కడే ఉండేవాణ్ణి. కట్టు కట్టాక నాయనమ్మకి నేనే కళ్ళు. "ఏం జరుగుతోందిరా బయట?" అనేది. నేను కనిపించిందల్లా చెప్పేవాణ్ణి.

ఆ మధ్యాహ్నం జరిగింది ఇది. నాయనమ్మ పక్కన వినగడప నించి వచ్చిన ఒక పెద్దాయన పడుకుని ఉన్నాడు. అత్తయ్య జావ గిన్నె కడగడానికి వెళ్ళింది. ఎవరిదో మేక లోపలికొచ్చి, ఆయన చాప కింది గడ్డి లాగి తినడం మొదలుపెట్టింది. గడ్డితోపాటు ఆయన పంచె కొంగు కూడా దాని నోట్లోకి వెళ్ళింది. ఆయన అటూ ఇటూ తిరగకుండా, కట్టు కింద నించే, "లాగమాకే! నేను లేవకూడదని డాక్టరు చెప్పింది నీక్కూడా వినపడిందిగా! అందరి ముందూ పంచె లాగుతావేంటే, సిగ్గు లేదూ?" అని పెళ్ళాన్ని కేకలేశాడు. ఆవిడ బయట పొయ్యి దగ్గర ఉంది. మేక ఇంకా గట్టిగా లాగింది.

"ఏంట్రా?" అంది నాయనమ్మ.

నేను చెప్పాను. ఉన్నదున్నట్టు చెప్పాను, మేక గడ్డం ఎలా కదులుతోందో కూడా. నాయనమ్మ భుజాలు కదిలాయి. చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. అవతల వరసల్లోని మనుషులంతా, కళ్ళకి కట్లతో, చాపల మీద చేతులు కొట్టుకుంటూ నవ్వారు. పెద్దాయన కూడా, "మేకా! దాని జిమ్మడ! పాపం ఇంటిదాన్ని తిట్టానే" అని నవ్వాడు. కాంపౌండరు పరిగెత్తుకొచ్చి మేకని తరిమి, నన్ను చెవి పట్టుకుని బయటికి లాగాడు. అత్తయ్య వీపు మీద ఒక్కటిచ్చింది. "కన్ను పోయిద్దిరా వెధవా!" అంది.

పోలేదు. ఇదే నేను చెప్పదలచుకున్నది, ఇన్నేళ్ళూ ఎవరూ వినని ముక్క ఇదే. ఆ నవ్వు తర్వాత డాక్టరు గారు వచ్చి అందరి కట్లూ విప్పారు. అప్పుడు నేను గుమ్మంలో నిలబడి ఉన్నాను, నన్ను లోపలికి రానివ్వట్లేదు కనక. నాయనమ్మ రెప్ప మెల్లగా తెరిచింది. డాక్టరు రెండో కన్ను మూసి వేళ్ళు చూపిస్తే సరిగ్గా చెప్పింది. తర్వాత గుమ్మం వైపు తిరిగి, నా ఆకారం చూసి దగ్గరికి పిలిచి, ముఖం ముఖానికి ఆనించుకున్నంత దగ్గరగా పెట్టి, "నీ ముందు పన్ను ఊడిందేంట్రా? నాకు చెప్పలేదే!" అంది. పన్ను ఊడి చాలా రోజులైంది. ఆమెకి కనిపించదు కదా అని నేను చెప్పలేదు.

కంటికి ఆకుపచ్చ గుడ్డ వేలాడదీసి, కన్ను బాగా మానాక అద్దాలిస్తాం, అప్పుడే సరైన చూపొస్తుంది, మేం చెప్పేదాకా కంట్లో నీళ్ళు పడనివ్వొద్దు, తలంటు పోసుకోవద్దు అని చెప్పి ఇంటికి పంపారు.

ఇంటికొచ్చాక అత్తయ్య ప్రయాణం దగ్గరపడింది. అమ్మకి చూపొస్తే నెమలి ఊళ్ళోని వేణుగోపాలస్వామి గుడికి తీసుకొచ్చి పొంగలి పెడతానని ఆమె మొక్కుకుంది. తను అత్తారింటికి వెళ్ళేలోపు మొక్కు తీర్చాలి; వెళితే మళ్ళీ ఎప్పుడు పంపుతారో తెలియదు. మొక్కు తీర్చే రోజు తలంటు పోసుకోకుండా గుడి మెట్లెక్కడమంటే మా ఇళ్ళలో ఊహకందని మాట. తెల్లవారుతూనే దొడ్లో కాగు కింద మంట వేశారు. రాత్రి నానేసిన కుంకుడుకాయలు పిసికి నురగ తీశారు. నేను నూనె రాసుకుని నా వంతు కోసం గట్టు మీద కూర్చున్నాను. పీట మీద నాయనమ్మ. అత్తయ్య ఎడమ చేత్తో ఆ కన్ను మూసి పట్టుకుని, కుడి చేత్తో రసం పోసి రుద్దింది. అయినా నురగ వేళ్ళ సందుల్లోంచి దిగడం నేను చూశాను.

"మంటే, కంట్లో పడిందే సుగుణా!"

"ఏం కాదులేమ్మా. స్వామి చూసుకుంటాడు. ఇంకో రెండు చెంబులు, అయిపోయింది."

నెమలికి బండి కట్టుకుని వెళ్ళాం. దారి పొడుగునా పూత వాసన, ఎద్దుల మెడ గంటలు, ఒళ్ళో వేడి వేడి పులిహోర గిన్నె. నాయనమ్మ గుడ్డ కింద నించి నీళ్ళు కారుతున్నాయి. భక్తి అనుకున్నారు. గుళ్ళో అందరూ ఆమెని చూసి చేతులు జోడించారు. తిరిగొచ్చేటప్పుడు ఆమె పులిహోర ముట్టలేదు, తల గోడకేసి కొట్టుకోవాలనిపించే పోటు అంది. తర్వాత కన్ను ఎర్రబడింది, వాచింది, చీము కమ్మింది. బస్సెక్కించి విజయవాడ తీసుకెళ్ళేసరికి ఆలస్యమైపోయిందన్నారు.

ఇక మిగిలింది ఆ మాట పుట్టిన రోజు. అత్తయ్యని తీసుకెళ్ళడానికి వాళ్ళ అత్తగారు వచ్చింది. గట్టి మనిషి, కోడలి చేతి నించి గ్లాసు జారితే ఊరంతా చెప్పుకునే రకం. వసారాలో ఇరుగుపొరుగు ఆడవాళ్ళంతా కూర్చుని ఉన్నారు. నేను పత్తి కుప్ప పక్కన ఉన్నాను.

"చూపొచ్చిందన్నారు, మళ్ళీ పోవడమేంటి వదినా? ఎవరేం చేశారు?" అని ఆవిడ నాయనమ్మని అడిగింది.

నాయనమ్మ చేత్తో కట్టు సర్దుకుంది. అత్తయ్య ముఖంలో నెత్తురు లేదు. ఆమె చూపు వసారా అంతా తిరిగి వచ్చి నా మీద ఆగింది. "వీడేనండీ అత్తయ్యగారూ. కుట్ల మీద ఉండగా మేకనీ దాన్నీ చెప్పి నవ్వించాడు. అక్కడే తెగింది" అంది.

అందరూ నా వైపు తిరిగారు. "హవ్వ! ఎంత పని చేశావురా!" అంది ఒకావిడ. నేను నాయనమ్మ వైపు చూశాను, ఆమె ఒక్క మాట అంటుందని. ఆమె కట్టు కట్టిన ముఖం గోడ వైపు తిప్పుకుంది.

అప్పటి నించి నేను నాయనమ్మ కన్ను తీసినవాణ్ణి. బడిలో పక్కన కూర్చున్నవాడు కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకునేవాడు. ఏ పెళ్ళికెళ్ళినా కొత్త చుట్టాలకి నన్ను చూపించే తీరు అదే. నాయనమ్మ భయపడి రెండో కన్ను చేయించుకోలేదు. అది కూడా తెల్లబడిపోయింది. చనిపోయేదాకా ఆమెకి చెయ్యి అందించింది నేనే, అందించిన ప్రతిసారీ ఆ చేతిలో నా చెయ్యి దొంగదిలా ఉండేది. "ఏదన్నా చెప్పరా" అనేది ఆమె. నేను చెప్పడం మానేశాను. ఎవర్నీ నవ్వించడం మానేశాను. నన్ను తగువులమారి అని, ఎప్పుడూ ఏదో ఒక ఫిర్యాదు చేస్తూ ఉంటాడని మా వాళ్ళంతా అంటారు. ఒకప్పుడు నేను ఏం చేసేవాణ్ణో వాళ్ళకి గుర్తు లేదు.

ఒకసారి మాత్రం అడిగాను. ఆ వినగడప పెద్దాయన సోడాబుడ్డి అద్దాలు పెట్టుకుని, వాటి వెనక చేపల్లాంటి పెద్ద కళ్ళతో బస్సు దిగి, మా ఇంటికొచ్చి నాయనమ్మని పలకరించి వెళ్ళాడు. "ఆయన కూడా నవ్వాడు కదా నాన్నా, ఆయన కన్నెందుకు పోలేదు?" అన్నాను. "పెద్దోళ్ళకి ఎదురు చెప్పమాక" అన్నాడు నాన్న. నాయనమ్మ వింటూనే ఉంది. ఆ మధ్యాహ్నం నన్ను దగ్గర కూర్చోబెట్టుకుని తల నిమురుతూ, "పిల్లోడి తప్పయితే లోకం మర్చిపోయిద్దిరా" అంది. నన్ను ఊరడిస్తోందనుకున్నాను.

మొన్న ఆసుపత్రిలో నర్సు నాకు జాగ్రత్తలు చెబుతూ, "తలస్నానం వద్దండీ. మెడ కింద నించే పోసుకోండి. ఒక్క చుక్క నీళ్ళు కంట్లో పడకూడదు" అన్నప్పుడు నేను ఇంటికి బయల్దేరకుండా మళ్ళీ డాక్టరమ్మ గదిలోకి వెళ్ళాను. డాక్టరమ్మని అడిగాను, నవ్వితే కన్ను పోతుందా అని. ఆమె నవ్వలేదు. అంతా విని, "అప్పట్లో కోత పెద్దది, నవ్వొద్దనడంలో తప్పు లేదండీ. కానీ తర్వాత ఆవిడకి చూపొచ్చిందంటున్నారు. ఆ నొప్పి, ఆ చీము తలంటు తర్వాతే మొదలయ్యాయంటున్నారు. అన్నేళ్ళ కిందటి కన్ను గురించి ఒట్టు పెట్టి చెప్పలేను గానీ, నేనైతే నవ్వుని అనుమానించను" అంది.

అంటే నాయనమ్మకి తెలుసు. తలంటు సంగతి బయటపడితే కూతుర్ని అత్తారింట్లో బతకనివ్వరని తెలుసు. నాతో అన్నది ఊరడింపు కాదు, కూతురి కోసం ఆ నింద మొయ్యమని నన్ను అడిగింది. ఇది తెలిశాక నాకు తేలికవ్వాలి. అవ్వలేదు. ఇంకో రకం సిగ్గు మొదలైంది, చూపు లేని ముసలిదాని మీద, అందులోనూ నన్ను అంత ప్రేమించిన దాని మీద, ఈ వయసులో కోపం తెచ్చుకుంటున్నందుకు.

ఇప్పుడు గడ్డి పరిచిన గదులు లేవు, ఇసుక మూటలు లేవు, ఆకుపచ్చ గుడ్డలు లేవు, చేపకళ్ళ అద్దాలు ఎక్కడా కనిపించవు. బడి పెంకులు తీసేసి డాబా వేశారు. మా వసారా ఉన్నచోట ఎరువుల కొట్టుంది. కుంకుడుకాయలు కొట్టే పిల్లలు లేరు. అత్తయ్య అత్తగారు పోయి చాలా కాలమైంది. ఇక ఆ ఇంట్లో భయపడాల్సిన మనిషి కూడా లేదు. ఆ మాట ఒక్కటే మిగిలింది, పిల్లల నించి పిల్లలకి.

నా ఆపరేషనని తెలిసి సుగుణత్తయ్య ఫోను చేసింది. "కుట్లు లేవంట గదరా ఇప్పుడు. అయినా నవ్వమాకు, నీకు తెలిసిందేగా" అంది. నేను అడిగాను, ఆ రోజు పొద్దున దొడ్లో ఏం జరిగిందని. "ఇప్పుడెందుకురా అయ్యన్నీ" అని పెట్టేసింది. మళ్ళీ చేస్తే తియ్యలేదు.

అత్తయ్యా, నువ్వు ఈ పత్రిక చదువుతావని నాకు తెలుసు. చదవలేకపోతే నీ కోడలు చదివి వినిపిస్తుంది. నువ్వు మీ అమ్మ కన్ను పోగొట్టాలని ఆ నీళ్ళు పోయలేదు. ప్రేమతో పోశావు, భక్తితో పోశావు, ఆ తర్వాత భయపడ్డావు. అదంతా ఒప్పుకుంటాను. క్షమాపణ కూడా వద్దు. నేను నవ్వించాక కూడా మీ అమ్మకి చూపొచ్చిందా లేదా? నా పన్ను ఊడటం ఆమె ఆ కంటితోనే చూసిందా లేదా? నువ్వు అక్కడే ఉన్నావు. అప్పుడు ఉన్నవాళ్ళలో మిగిలింది నువ్వూ నేనే. అవుననో కాదనో, నీ పిల్లలూ మనవలూ వినేలా ఒక్కసారి చెప్పు.